క్లాసులో నోరు విప్పరు, అవ్వగానే మెసేజ్ పెడతారు!

ప్రశ్న: నమస్తే మేడం. నేను ఒక ట్రైనింగ్ సంస్థలో డేటా అనాలిసిస్ ఆన్‌లైన్‌లో నేర్పిస్తాను. ఇప్పటి బ్యాచ్‌లో 42 మంది, తొమ్మిది దేశాల వాళ్లు. వీడియోలు రికార్డు చేసి పెట్టాను, ఎవరి వీలును బట్టి వాళ్లు చూసుకోవచ్చు. వారానికి రెండు లైవ్ క్లాసులు. చర్చల బోర్డులో పాల్గొంటే 20 మార్కులు. వారం వారం ఎవరు ముందున్నారో, ఎవరు వెనకున్నారో చూపించే లీడర్‌బోర్డు కూడా ఉంది. ఏడెనిమిది మంది బోర్డు మీద తెగ వాదిస్తారు, నా కోడ్‌లో తప్పులు కూడా పడతారు. మిగతావాళ్లు నోరు మెదపరు. "డౌట్స్ ఏమైనా ఉన్నాయా?" అంటే నిశ్శబ్దం. క్లాసు అయిన ఐదు నిమిషాలకు మాత్రం "సర్, ఒక్క చిన్న డౌట్" అంటూ పర్సనల్ మెసేజ్‌లు మొదలు. రాత్రి పదకొండు దాకా వాటికి జవాబులు రాస్తూ కూర్చుంటున్నాను. మొన్న ఇద్దరు ఒకే అసైన్‌మెంట్ పంపితే ఇద్దరికీ సున్నా వేశాను. "తను అడిగింది, ఇవ్వనని ఎలా అంటాను సర్?" అని ఒకమ్మాయి చాలా బాధపడింది. మా మేనేజర్ "ఇదంతా కల్చర్ తేడా, వదిలెయ్" అంటున్నారు. నిజంగా సంస్కృతి చదువు మీద ఇంత పని చేస్తుందా? చేస్తే, దేశానికో కోర్సు తయారు చేయలేను కదా, నేనేం చేయాలి?
తా.క.: అందరూ కెమెరా ఆన్ చేయాలని రూల్ పెడితే ఏమైనా మారుతుందా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ అలసట కనిపించింది. రెండోసారి ఆ ఐదు నిమిషాలు కనిపించాయి. ఆసక్తి లేనివాడు క్లాసు అవ్వగానే ల్యాప్‌టాప్ మూసి లేచిపోతాడు, మీకు మెసేజ్ పెట్టడు. ఐదు నిమిషాల్లో వచ్చిన ప్రశ్న క్లాసులోనే పుట్టిందన్నమాట. అక్కడ దానికి చోటు దొరకలేదు, బయటికొచ్చి మీ తలుపు తట్టింది. కాబట్టి "వీళ్లకి నేర్చుకోవాలని లేదేమో" అన్న అనుమానం ఏ మూలనైనా ఉంటే ముందు దాన్ని తీసేయండి.

ఇక మీ మేనేజర్ గారి మాట. తేడా ఉందనడం వరకూ ఆయన చెప్పింది నిజమే. "వదిలెయ్" అనడంతోనే నాకు పేచీ. ఈ "కల్చర్" అనే మాట భలే సౌకర్యం. ఒకసారి అనేస్తే ఇక ఎవరూ ఏమీ చేయక్కర్లేదు.

మీరు వాళ్ల సంస్కృతి గురించి అడిగారు, మీ కోర్సు సంస్కృతి గురించి అడగలేదు. దానికీ ఒకటుంది. మీరు రాసిన వివరాలనే ఇంకోసారి చూడండి. ఎవరి వీలును బట్టి వాళ్లు చూసుకునే వీడియోలు అంటే, నేర్చుకునేది ఒక్క మనిషి, ఏది ఎప్పుడు చదవాలో తేల్చుకునేదీ ఆ ఒక్క మనిషే అని. చర్చకు 20 మార్కులు అంటే, ఆలోచించేవాడు పదిమందిలో పైకి చెప్తాడు, చెప్పనివాడు ఆలోచించనట్టే అని. లీడర్‌బోర్డు అంటే, పక్కవాడిని దాటడం హుషారునిస్తుంది అని. ఒకే అసైన్‌మెంట్‌కు సున్నా అంటే, తెలివి ఎవరిది వాళ్లదే అని. వీటిలో ఏదీ తప్పని నేను అనను. కానీ ఇవి గాలీ నీరూ లాగా అందరికీ ఒకటిగా ఉండేవి కావు. ఒక రకం విలువలు. ఆ విలువలతో పెరిగిన ఆ ఏడెనిమిది మందికి మీ కోర్సు సొంతిల్లు లాగా ఉంది. మిగతావాళ్లు చుట్టపుచూపుగా వచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలియక గుమ్మం దగ్గర నిలబడ్డారు.

ఈ విలువలు టెక్నాలజీలోకి ఎలా వచ్చాయో చెప్పే ఒక పాత కథ ఉంది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ 1953లో తన కూతురి లెక్కల క్లాసు చూడటానికి వెళ్లాడు. అక్కడ ఆయనకు రెండు విషయాలు నచ్చలేదు. పిల్లలంతా ఒకే వేగంతో నడవాల్సి వస్తోంది. చేసిన లెక్క తప్పో ఒప్పో అప్పటికప్పుడు తెలియడం లేదు. దాంతో ఆయన ఒక బోధన యంత్రం తయారు చేశాడు. ఒక పెట్టె, దాని ముందు ఒక పిల్లవాడు, ఒక ప్రశ్న, వెంటనే జవాబు, తన వేగంతో తర్వాతి ప్రశ్న. మంచి ఆలోచనే. కానీ ఆ పెట్టె ముందు ఇద్దరు కూర్చోవడానికి చోటు లేదు. మీ వీడియో కింద ఉండే "నెక్స్ట్" బటన్ ఆ పెట్టెకు మనవడు. లాగిన్ అడిగే ప్రతి యాప్‌లోనూ ఆ పోలిక కనబడుతుంది. ఒక ఖాతా అంటే ఒక మనిషి అని దాని లెక్క. ఇంట్లో ఒకే ఫోన్ మీద అక్కా తమ్ముడూ కలిసి చదివితే, ఆ యాప్ ఇద్దరినీ కలిపి ఒక వింత విద్యార్థిగా లెక్కగడుతుంది. ఉదయం త్రికోణమితి చేసి సాయంత్రం కూడికలు తప్పు చేసే విద్యార్థి!

పెద్ద ఎత్తున జరిగింది ఇంకొకటి చెప్తాను. 2005లో అమెరికన్ టెక్నాలజీ నిపుణుడు నికొలస్ నెగ్రొపాంటే ప్రకటించిన "పిల్లవాడికో ల్యాప్‌టాప్" పథకం మీకు గుర్తుండే ఉంటుంది. చేతికి యంత్రం ఇస్తే పిల్లవాడు తనంతట తానే కెలికి నేర్చుకుంటాడన్నది దాని వెనకున్న నమ్మకం. పెరూ దేశం లక్షల ల్యాప్‌టాప్‌లు పంచింది. అక్కడి 319 బడుల్లో చేసిన పరిశీలన 2012లో బయటికొచ్చింది. కంప్యూటర్ల వాడకం బాగా పెరిగింది కానీ లెక్కల్లో, భాషలో మార్కులు చెప్పుకోదగ్గంత పెరగలేదు. కారణాలు చాలానే ఉండొచ్చు. నాకు మాత్రం ఒకటి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ పథకం ఊహలో పిల్లవాడికి పెద్దపీట ఉంది, టీచరుకు కుర్చీ లేదు. టీచరు చెబితేనే చదువు మొదలయ్యే చోట, టీచరుకు ఏ పనీ చెప్పని యంత్రం బల్ల కిందే ఉండిపోతుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న: నిజంగా సంస్కృతి ఇంత పని చేస్తుందా? చేస్తుంది. దీనికి నాకు బాగా ఇష్టమైన ప్రయోగం మనస్తత్వ శాస్త్రవేత్తలు శీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ 1999లో ప్రచురించినది. పిల్లలకు కంప్యూటర్ మీద లెక్కల గేమ్ ఇచ్చారు, అంతరిక్ష నౌకల ఆట. నౌకకు ఏ పేరు పెట్టాలి, ఏ బొమ్మ వాడాలి లాంటి చిల్లర విషయాలు మాత్రమే ఎంచుకోవచ్చు. లెక్కలు అందరికీ అవే. కొందరు పిల్లలు అవన్నీ తామే ఎంచుకున్నారు. కొందరికి తమ క్లాసువాళ్లు ఓట్లేసి ఎంచినవి ఇచ్చారు. ఇంకొందరికి ఎవరో వేరే బడి పిల్లలు ఎంచినవి ఇచ్చారు. యూరప్ మూలాలున్న అమెరికన్ పిల్లలు తామే ఎంచుకున్నప్పుడు ఎక్కువ నేర్చుకున్నారు. ఆసియా మూలాలున్న అమెరికన్ పిల్లలు తమ క్లాసువాళ్లు ఎంచి ఇచ్చినప్పుడు ఎక్కువ నేర్చుకున్నారు. గేమ్ అదే, స్క్రీన్ అదే, లెక్కలూ అవే. "ఇది నేను ఎంచుకున్నాను" అన్నది కొందరికి ఉత్సాహం, "ఇది మావాళ్లు నాకోసం ఎంచారు" అన్నది మరికొందరికి ఉత్సాహం. ఎవరి వీలును బట్టి వాళ్లు చూసుకోవచ్చని మీరు ఎంతో ఉదారంగా ఇచ్చిన స్వేచ్ఛ కొందరికి స్వేచ్ఛగానే అందింది. ఇంకొందరికి "సార్ మనల్ని మన మానాన వదిలేశారు" అన్నట్టు అందిందేమో!

నిశ్శబ్దం గురించి కూడా ఒకటుంది. హీజంగ్ కిమ్ అనే పరిశోధకురాలు 2002లో చూపించింది ఏమిటంటే, బొమ్మల్లో వరస కనిపెట్టే పజిల్స్ చేస్తూ మనసులో అనుకుంటున్నది పైకి చెప్పమంటే యూరప్ మూలాలున్న అమెరికన్ విద్యార్థులకు పెద్ద తేడా రాలేదు. ఆసియా మూలాలున్న వాళ్లకు మాత్రం పని దెబ్బతింది. మాట ఆలోచనకు తోడుగా వస్తుందని కొందరు పెరిగారు, అడ్డుగా వస్తుందని కొందరు పెరిగారు. లైవ్ క్లాసులో మీరు "ఏమనుకుంటున్నారో చెప్పండి, ఆలోచిస్తూనే మాట్లాడండి" అంటే, రెండో రకం వాళ్లకు ఆ క్షణంలో ఉన్న ఆలోచన కూడా చెదిరిపోతుంది.

మెచ్చుకోళ్ల సంగతీ అంతే. 2001లో మనస్తత్వ శాస్త్రవేత్త స్టీవెన్ హైన్, ఆయన సహచరులు కెనడాలోనూ జపాన్‌లోనూ ఒక ప్రయోగం చేశారు. ఒక పరీక్ష పెట్టి, కొందరికి బాగా చేశారని, కొందరికి సరిగ్గా చేయలేదని చెప్పి, అలాంటిదే ఇంకో పని ముందు పెట్టి వదిలేశారు. కెనడా విద్యార్థులు బాగా చేశామని తెలిసినప్పుడు ఎక్కువసేపు కూర్చున్నారు. జపాన్ విద్యార్థులు తప్పామని తెలిసినప్పుడు ఎక్కువసేపు కూర్చున్నారు. ఒకరికి గెలుపు "ఇది నీ దారి" అంటే, మరొకరికి ఓటమి "ఇక్కడ ఇంకా పని ఉంది" అంటుంది. యాప్‌లన్నీ తెర మీద రంగుకాగితాలు చల్లి "అద్భుతం!" అని అరుస్తాయే, అది మొదటి రకం మనిషిని ఊహించుకుని రాసిన ప్రోగ్రామ్. రెండో రకం మనిషి దాన్ని చూసి "సరే, ఎక్కడ తప్పానో చెప్పు" అనుకుంటాడు. అది చెప్పదు.

ఇక్కడ ఆగి ఒక హెచ్చరిక. ఇవన్నీ చదివాక మనకు ఒక చెడ్డ ఆశ పుడుతుంది: 42 మందినీ దేశాల వారీగా డబ్బాల్లో వేసేద్దామని. సంస్కృతుల తేడాలను కొలిచే రంగంలో ఎక్కువగా వినపడే పేరు నెదర్లాండ్స్‌కు చెందిన పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్‌ది. పెద్దవాళ్లకూ చిన్నవాళ్లకూ మధ్య దూరం ఎంత, మనిషి తన కోసమా గుంపు కోసమా, తెలియనిదాన్ని చూస్తే భయం ఎంత అని దేశాలను కొలిచాడు. చాలా ఉపయోగపడే కొలతలే. కానీ ఆయన మొదటి లెక్కలన్నీ 1967 నుంచి 1973 దాకా ఐబీఎం అనే ఒకే కంపెనీ ఉద్యోగుల దగ్గర సేకరించినవి. పైగా అవి దేశాల సగటులు, ఒక మనిషికి వాటిని తగిలించకూడదని ఆయనే చెప్పాడు. మన భాషనే చూడండి. "పెద్దలకు ఎదురు చెప్పకు" అన్న నోటితోనే "అడగందే అమ్మయినా పెట్టదు" అంటాం. ఒకే ఇంట్లో రెండూ వింటూ పెరుగుతాం. ఏది ఎప్పుడు పైకొస్తుందో ఎదురుగా ఉన్న మనిషిని బట్టి, పరిస్థితిని బట్టి ఉంటుంది. మీ చేతిలో ఉన్నది ఆ పరిస్థితే.

ఇంకో మాట. సంస్కృతి అనే ముందు గడియారం చూడండి. తొమ్మిది దేశాలంటే మీ లైవ్ క్లాసు ఎవరికో అర్ధరాత్రి అయ్యుంటుంది. నెట్ సరిగ్గా రానివాళ్లు ఉంటారు. క్లాసు జరిగే భాషలో ఆలోచించని వాళ్లు ఉంటారు, వాళ్లు ప్రశ్నను ముందు తమ భాషలో తయారు చేసి, తర్జుమా చేసి, వ్యాకరణం సరిచూసుకునేలోపు మీరు తర్వాతి స్లైడ్‌కు వెళ్లిపోయి ఉంటారు. ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. మీ పాత క్లాసు రికార్డింగ్ ఒకటి తెరిచి, "డౌట్స్ ఏమైనా ఉన్నాయా?" అన్న తర్వాత మీరు ఎన్ని సెకన్లు ఆగారో లెక్కపెట్టండి. మేరీ బడ్ రో అనే సైన్స్ విద్యావేత్త 1970ల్లో టీచర్లను ఇలాగే రికార్డు చేసి చూసింది. ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను దాకా మాత్రమే ఆగుతున్నారట. దాన్ని మూడు సెకన్లు చేస్తే పిల్లల జవాబుల నిడివి పెరిగింది, ఎప్పుడూ మాట్లాడనివాళ్లు మాట్లాడారు. అది ఎదురెదురుగా కూర్చున్న క్లాసులో. ఆన్‌లైన్‌లో మ్యూట్ తీయడానికే మూడు సెకన్లు పడుతుంది!

నా అనుభవం కూడా చెప్తాను, నవ్వకండి. కొన్నేళ్ల క్రితం ఒక ఆన్‌లైన్ కోర్సులో స్టాటిస్టిక్స్ నేర్చుకున్నాను. మూడో వారంలో ఒక డౌట్ వచ్చింది. చర్చల బోర్డులో రాద్దామని మొదలుపెట్టాను. రాశాను, చెరిపాను. "బహుశా ఇది చిన్న ప్రశ్నేమో" అని ముందు ఒక వాక్యం పెట్టాను, మరీ అతిగా ఉందని తీసేశాను. నాలుగోసారికి పోస్ట్ చేశాను. గంటలో కోర్సు సహాయకుడి జవాబు వచ్చింది: "ఇది నాలుగో స్లైడ్‌లో ఉంది. పోస్ట్ చేసే ముందు ఒకసారి చూసుకోండి", చివర ఒక నవ్వు బొమ్మ. దానికి ఇద్దరు లైక్ కొట్టారు. ఆయన తిట్టలేదు, మర్యాదగానే చెప్పాడు. ఆ ఇద్దరు ఎవరో కూడా నాకు తెలియదు. అయినా మిగిలిన వారాలన్నీ ఆ బోర్డు మొహం చూడలేదు. కోర్సు మాత్రం పూర్తి చేశాను. వాళ్ల డాష్‌బోర్డులో నేను "చురుకుగా లేని విద్యార్థి"గానే మిగిలిపోయి ఉంటాను.

అందుకే మీరు మార్చాల్సింది విద్యార్థుల్ని కాదు, ప్రశ్న మీ దాకా వచ్చే దారిని. దేశానికో కోర్సు అక్కర్లేదు. ఒకే కోర్సుకు రెండు మూడు గుమ్మాలుంటే చాలు.

మొదటి పని ఆ రాత్రి పదకొండు గంటల మెసేజ్‌లతో మొదలుపెట్టండి. వాటికి విడివిడిగా జవాబులు రాయడం ఆపండి. ఒక టైమ్ పెట్టుకుని, వచ్చిన ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చి, అడిగినవాళ్ల అనుమతి తీసుకుని, పేర్లు తీసేసి, "నిన్న వచ్చిన మంచి డౌట్లు" అని అందరికీ పెట్టండి, జవాబులతో సహా. మూడు వారాలు చేయండి. మీ నిద్ర మీకు దక్కుతుంది. అంతకన్నా ముఖ్యం, తన ప్రశ్నను నలుగురూ చదువుతున్నారని, ఎవరూ నవ్వలేదని ఆ అడిగిన మనిషి తెర వెనక నుంచి చూస్తాడు. ఇంకో పదిమంది "అమ్మయ్య, నాకూ ఇదే డౌట్" అనుకుంటారు.

పేరు లేకుండా ప్రశ్న వేసే సౌకర్యం మీ బోర్డులో ఉంటే తెరిచి ఉంచండి. ఇలాంటి ఒక ప్రశ్నల వేదిక, పియాజా, అసలు పుట్టిందే ఇలాంటి బాధ నుంచి. దాన్ని స్థాపించిన పూజా నాథ్ శంకర్ ఐఐటీ కాన్పూర్‌లో కంప్యూటర్ సైన్స్ చదివినప్పుడు క్లాసులో అమ్మాయిలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. అబ్బాయిలంతా గుంపుగా కూర్చుని చర్చించుకుంటుంటే, వెళ్లి అడగడానికి బిడియపడి తను ఒక పక్కన ఒంటరిగా తంటాలు పడేదాన్నని ఆమే చెప్పుకున్నారు. అందుకే ఆ వేదికలో తోటివాళ్లకు పేరు కనపడకుండా అడిగే వీలుంది. విలువలు సాఫ్ట్‌వేర్‌లోకి దూరతాయని ఇందాక కాస్త నిందగా చెప్పాను. మంచికి కూడా దూరతాయి.

రెండో పని: నలుగురేసి చిన్న గ్రూపులు చేయండి, కోర్సంతా అవే ఉండనివ్వండి. లైవ్ క్లాసులో "డౌట్స్ ఉన్నాయా?" అని గాల్లోకి అడగొద్దు. "మూడు నిమిషాలు గ్రూపుల్లో మాట్లాడుకోండి, గ్రూపుకో డౌట్ రాయండి" అనండి. తేడా చిన్నగా అనిపిస్తుంది కానీ భాషలో వినండి. "నాకు అర్థం కాలేదు" అనడం వేరు, "మాకు ఇక్కడ ఆగిపోయింది సర్" అనడం వేరు. ఆ "మాకు"లో ఎవరి పరువూ పోదు. ఆ 20 మార్కులను కూడా విడగొట్టండి: బోర్డులో రాసినా, గ్రూపు డౌట్ తయారు చేసినా, మీకు పర్సనల్‌గా మంచి ప్రశ్న పంపినా మార్కే.

మీ తప్పులు పట్టే ఆ ఏడెనిమిది మందిని మాత్రం తగ్గించకండి. వాళ్ల లెక్కలో అది మీకిచ్చే గౌరవమే. మిగతావాళ్లకు "నా తప్పు పట్టండి, ఏమీ అనుకోను" అని చెప్తే సరిపోదు. గురువు తప్పు వెతకడం అనేదే కొందరికి మింగుడుపడదు. కాబట్టి మీరే ఒక తప్పు కావాలని పెట్టి, "ఈ కోడ్‌లో ఒక పొరపాటుంది, గ్రూపుగా కనిపెట్టి పంపండి" అని పని ఇవ్వండి. ఇప్పుడు తప్పు పట్టడమే సార్ మాట వినడం. ఉన్న విలువతో పోట్లాడకుండా దాని చేతికే పని అప్పగించినట్టు.

ఇక ఆ సున్నా. దీని మీద కాస్త గట్టిగా చెప్తాను. ఆ అమ్మాయి మాట మళ్లీ చదవండి: "తను అడిగింది, ఇవ్వనని ఎలా అంటాను?" ఆమె ఇచ్చిందే తప్ప దొంగిలించలేదు. ఆమె పెరిగిన చోట స్నేహితురాలికి తెలిసింది దాచుకోవడమే పెద్ద తప్పు అయ్యుండొచ్చు. మీరేమో ఇవ్వడమే తప్పన్నారు. ఇంతకీ సాయం ఎంతవరకు, ఎక్కడ ఆగాలి అని మీ కోర్సులో ఎక్కడైనా రాసుందా? ఉంటే మీ ఉత్తరంలో ఆ మాట ఉండేది. లేనప్పుడు ఆ సున్నా, చెప్పని రూలుకు వేసిన శిక్ష. ఇద్దరినీ మళ్లీ చేసి పంపమనండి, మార్కులు ఇవ్వండి. తర్వాత అందరికీ అర్థమయ్యేలా రాయండి: కలిసి చర్చించుకోవచ్చు, ఫైలు ఎవరిది వాళ్లే తయారు చేయాలి, ఎవరి సాయం తీసుకున్నారో పైన రాయాలి, అలా ఎందుకు చేశారో రెండు నిమిషాల ఆడియో జత చేయాలి. సాయం చేసినవారి పేరు పైన కనపడటం కూడా ఒక గౌరవమే అవుతుంది. ఇంత స్పష్టంగా చెప్పాక మళ్లీ జరిగితే సున్నా వేయండి, అప్పుడు "మా సంస్కృతి" అన్నా వినకండి. మీ సర్టిఫికెట్ చూసి ఉద్యోగం ఇచ్చేవాళ్లకు కూడా మీరు జవాబుదారీ.

లీడర్‌బోర్డు గురించి ఎక్కువ చెప్పను. కింది పేర్లు తీసేయండి. వీలైతే గ్రూపుల మొత్తాలు చూపించండి. ప్రతివాళ్లకూ మెచ్చుకోలు పక్కనే "తర్వాత సరిచేసుకోవాల్సింది ఇదీ" అని ఒక వాక్యం పెట్టండి, రెండు రకాల మనుషులకూ అందులో దొరుకుతుంది.

వీడియోలను ఎవరెలా చూస్తారన్నది మీరు అడగలేదు కానీ, పనికొస్తుంది. 2014లో ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలోని నాలుగు కోర్సుల్లో, 196 దేశాల నుంచి చేరిన 1.4 లక్షల మంది అడుగుజాడలను ఇద్దరు పరిశోధకులు చూశారు. టీచరుకు తక్కువ మంది విద్యార్థులుండే దేశాల వాళ్లు కోర్సులో వెనక్కీ ముందుకీ ఎక్కువ తిరుగుతున్నారు. కిక్కిరిసిన క్లాసుల దేశాల వాళ్లు వేసిన వరస దాటకుండా ఎక్కువగా నేరుగా వెళ్తున్నారు. మీ వీడియోల పక్కన ఒక వాక్యం చాలు: "వెనక్కి వెళ్లి మళ్లీ చూడటం, తెలిసింది దాటేయడం, రెండూ మంచివే." ఇంకోవైపు, దారి చూపిస్తే బాగుండనుకునే వాళ్ల కోసం "ఈ వారం ఇవి, ఈ వరసలో" అని ఒక టైమ్‌టేబుల్ కూడా పెట్టండి. కావాల్సినవాళ్లు పట్టుకుంటారు.

మంత్రం లాంటి ఉపాయం ఏదైనా ఉందా అని మీ మేనేజర్ అడగొచ్చు. ఒకటి అలా కనిపించింది. ఆన్‌లైన్ చదువుల మీద పరిశోధన చేసే రెనె కిజిల్‌సెక్ బృందం 2017లో, కోర్సు మొదట్లో విద్యార్థుల చేత తమకు ముఖ్యమైన విలువల గురించి కొద్ది నిమిషాలు రాయిస్తే, అభివృద్ధి తక్కువున్న దేశాల వాళ్లు కోర్సు పూర్తి చేయడంలో ఉన్న వెనకబాటు దాదాపు మాయమైందని చూపించింది. ఇక చూసుకోండి, ఆ ఉత్సాహం! అదే బృందం తర్వాత సుమారు 250 కోర్సుల్లో, రెండున్నర లక్షలకు పైగా విద్యార్థులతో మళ్లీ చేసి 2020లో ప్రచురించింది. అంత గొప్ప ఫలితం రాలేదు. కొన్ని చోట్ల కాస్త పనిచేసింది, చాలా చోట్ల లేదు. తమ ఉపాయాన్ని తామే పరీక్షకు పెట్టి నిజం చెప్పినందుకు వాళ్లంటే నాకు గౌరవం. కాబట్టి ఒక్క బటన్‌తో అయ్యే పని కాదని మీ మేనేజర్‌కు చెప్పండి. నేను చెప్పినవి కూడా మీ బ్యాచ్‌లో పనిచేస్తున్నాయో లేదో చూసుకుంటూ చేయండి.

ఒక విషయంలో మాత్రం తొందరపడమంటాను. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక, మీ దగ్గర నోరు విప్పని వాళ్లు దాని దగ్గర విప్పుతున్నారు. దాన్ని వందసార్లు అడిగినా విసుక్కోదు, ఎవరూ లైక్ కొట్టరు, పరువు పోదు. బిడియపడే మనిషికి అది గొప్ప ఊరట, కాదనను. కానీ కొన్నాళ్లకు మీ మెసేజ్‌లు తగ్గిపోతే "అమ్మయ్య, అందరికీ అర్థమైంది" అనుకోకండి. ప్రశ్నలు దారి మళ్లాయంతే. మీరు ఎక్కడ సరిగ్గా చెప్పలేదో మీకిక తెలియదు. వారానికోసారి "ఈ వారం ఏఐని మీరు అడిగిన ఒక ప్రశ్న, అది ఇచ్చిన జవాబు మీకు నమ్మబుద్ధి అయిందా లేదా" అని రాసి పంపమనండి. ఎవరి పేరూ చదవకుండా క్లాసులో రెండు మూడు తీసుకుని మాట్లాడండి. యంత్రం చెప్పినదాన్ని తప్పు పట్టడానికి ఎవరూ అంతగా మొహమాటపడరు. అక్కడ నోరు తిరిగితే మీ కోడ్ దాకా రావడానికి ఎక్కువ రోజులు పట్టదు.

తా.క. గురించి: కెమెరా రూల్ పెట్టకండి. మీకు ముఖాలు కనపడతాయి కానీ ప్రశ్నలు వినపడవు. ఒకే గదిలో నలుగురుండే ఇంట్లోంచి చదివేవాళ్లు, మొహం చూపించడం ఇష్టం లేనివాళ్లు, నెట్ అంతంతమాత్రం ఉన్నవాళ్లు మొదటి వారంలోనే నొచ్చుకుంటారు. కావాలంటే ఆ నలుగురి గ్రూపుల్లో, వాళ్లలో వాళ్లు ఇష్టపడితే పెట్టుకోమనండి. ఇక, రేపటి క్లాసులో డౌట్స్ అడిగాక నీళ్ల గ్లాసు తీసుకుని నెమ్మదిగా తాగండి. గ్లాసు కింద పెట్టేదాకా మీరు మాట్లాడొద్దు.